తూర్పు కొమ్మ

ట్రెలాజే
18 అక్టోబరు 1965

లూసెట్‌కు,

చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. శ్మశానం దగ్గర చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

శనివారం. పొద్దున పొగమంచు, తర్వాత ఎండ వచ్చింది. మీ అక్క కాఫీ తాగింది, రొట్టె ముట్టలేదు. ఈ పూట పియర్లు కోసెయ్యాలి, రేపటికి ఆగవు అంది. డాక్టరు మంచం దిగొద్దన్నాడని గుర్తు చేశాను. "డాక్టరుకి పియర్ చెట్టు లేదు" అంది. చెట్టు కింద కుర్చీ వేసి, శాలువా కప్పి కూర్చోబెట్టాను. నేను నిచ్చెన ఎక్కాను.

"లాగకు. అరచేతిలో పెట్టుకుని పైకెత్తు. రావాలనుంటే అదే వస్తుంది."

"రాకపోతే?"

"వదిలెయ్. చెవి పట్టుకుని లాక్కురావడానికి అదేమన్నా నీ బళ్ళో పిల్లాడా?"

నీలం గుడ్డ చుట్టిన పిడి ఉంటుందే, ఆ వెదురు బుట్ట కోసం వెతికాను. ఎక్కడా లేదు. ఏదని అడిగితే "వస్తుందిలే" అంది. చెక్క పెట్టెల్లో నింపాం. తూర్పు కొమ్మ జోలికి మాత్రం వెళ్ళొద్దంది. అవి ఇంకా రాళ్ళట. ఏటా ఇదే మాట. ఆ కొమ్మ కాయలు ఎప్పుడూ తనే తర్వాత కోసుకునేది. నీడ పట్టున ఉన్న కొమ్మ, ఆలస్యంగా ముదురుతుంది అనుకునేవాణ్ణి.

మధ్యాహ్నం సూప్ రెండు గరిటెలు తాగి పడుకుంది. నేను నేలమాళిగలో పలకరాళ్ళ అరల మీద కాయలు పేర్చాను, తొడిమలు పైకి. ఒకదానికొకటి తగలొచ్చా అన్న అనుమానం వచ్చింది. అడుగుదామని పైకొచ్చాను. జవాబు రాలేదు.

అంతే. బాధ పడినట్టు మొహంలో ఏమీ లేదు.

ఒకటి అడగాలి. శ్మశానంలో నీ పక్కన ఒక పొడుగాటి మనిషి నిలబడ్డాడు, టోపీ చేత్తో పట్టుకుని. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "తూర్పు కొమ్మ కాయల్ని నెలాఖరు దాకా ఉంచండి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఎవరతను? మా చెట్టుకి తూర్పున ఒక కొమ్మ ఉందని అతనికెలా తెలుసు?

అన్సెల్మ్

*

సొమ్యూర్
26 అక్టోబరు

బావగారూ,

మీ ఉత్తరం కొట్లో అందుకున్నాను. చదువుతూ చదువుతూ, ఒకావిడ తెల్ల బొత్తాలివ్వమంటే నల్లవి ఇచ్చేశాను. ఆవిడ ఇంటికెళ్ళి మళ్ళీ వచ్చి నా మొహం చూసి, ఏమీ అనకుండా మార్చుకుని వెళ్ళిపోయింది. అక్క చివరిదాకా మిమ్మల్ని వెక్కిరించిందంటే నాకెంత నెమ్మదిగా ఉందో చెప్పలేను.

తింటున్నారా? సూప్ కాదు, తిండి అంటున్నాను. మీ పక్కింటి పిషో అమ్మ పంపిస్తే వద్దనకండి. ఆవిడ వంట బాగుండదని మీరు మొహమ్మీదే అనే రకం.

మీ కోమీస్ రకం పియర్లు పండాయో లేదో కళ్ళతో చూస్తే తెలియదు. రోజూ పొద్దున్నే తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కండి. అక్కడ కాస్త లొంగితే ఆ పూటే తినేయాలి. పొట్ట దగ్గర మెత్తబడేదాకా ఆగారో, లోపల అప్పటికే కుళ్ళి ఉంటుంది. కాయలు ఒకదానికొకటి తగలకూడదు. అక్క జవాబు నేను చెబుతున్నాను.

ఆ పొడుగాయన మా ఊళ్ళో రిటైరైన స్టేషన్ మాస్టరు. పియర్ల పిచ్చి. ఏ ఊరెళ్ళినా మనుషుల కంటే ముందు చెట్లను పలకరిస్తాడు. పట్టించుకోకండి.

తూర్పు కొమ్మ కాయలు మటుకు కోసి నాకు పంపించండి. బుట్ట లేకపోతే పెట్టెలో పెట్టి రైలుకి వేయండి. అవి మీరు తినేవి కావు.

మీ మరదలు
లూసెట్

*

ట్రెలాజే
7 నవంబరు

లూసెట్‌కు,

కాయలు కోశాను. పంపను.

అవి కోమీస్ కాయలు కావు. గుండ్రంగా, గరుగ్గా, తుప్పు రంగులో ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా నా పెరట్లో ఉన్న చెట్టు. ఆ కాయ ఒక్కసారి కూడా నా బల్ల మీదికి రాలేదు.

కొమ్మ మొదట్లో బెరడు ఉబ్బి ఉంది. నిచ్చెన వేసి దగ్గరగా చూశాను. అంటు కట్టిన మచ్చ. నేలమాళిగలో జాడీల వెనక ఎర్ర లక్క కడ్డీ, కొవ్వొత్తి దొరికాయి. ఏటా నవంబరులో మీ అక్క వేళ్ళకి ఎర్రగా అంటుకుని ఉండేది. అడిగితే జాడీలకు సీలు వేశానంది. మా జాడీలకు ఉన్నవి రబ్బరు మూతలు. పిషో అమ్మని అడిగాను. శీతకాలం దాచే పియర్లకి తొడిమ మీద లక్క వేస్తారట, వాడిపోకుండా.

ఫిబ్రవరిలో నీ దగ్గరికని ఏటా వచ్చేది. బుట్ట చేత్తో పట్టుకుని. బుట్ట మీద గుడ్డ కప్పి. రైలు దాకా నేనే మోసేవాణ్ణి.

ఆ చెట్టు ఎలా కాసిందో ఊరంతటికీ తెలుసు. ఎన్నేళ్ళయినా పూత తప్ప పిందె లేదు. యాభై నాలుగులో మా బడి మూసేసిన శరదృతువులో నేను మాను చుట్టూ తుప్పు మేకులు కొట్టాను. కాయని చెట్టుకి మా తాత చేసినట్టే. మరుసటి ఏడే కాసింది. అప్పటి నుంచి ఏ ఏడూ తప్పలేదు. అలాంటి చెట్టులోకి ఇంకెవరిదో కొమ్మ వచ్చి కూర్చుంది.

ఎవరిది? వాడికి మీ అక్క ఏమవుతుంది? నీకు తెలుసు. శ్మశానంలో నువ్వు మొహం తిప్పుకున్నావు.

అన్సెల్మ్

*

సొమ్యూర్
16 నవంబరు

బావగారూ,

"వాడు" అంటారేమిటి? ఆయన పేరు థియోఫిల్ బ్రాసార్. మీకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయన్ని మా ఊళ్ళో ఎవరూ వాడు అనరు, రైలు తప్పినవాళ్ళు కూడా.

అవును, అంటు పుల్ల ఆయన తోటలోదే. ఆంజేలో పియర్ల ప్రదర్శనకి నేనూ అక్కా వెళ్ళినప్పుడు పరిచయం. అక్క అడిగింది, ఆయన ఇచ్చాడు. కాసిన కాయలు ఏడాదికోసారి ఆయనకి తీసుకొచ్చి ఇచ్చేది. నేను కూడా వెంట వెళ్ళేదాన్ని. కూర్చునేవాళ్ళం, కోసుకుని తినేవాళ్ళం, వచ్చేసేవాళ్ళం. ఇందులో పాపం ఎక్కడుందో మీ లెక్కల బుర్రకే తెలియాలి.

మీ మేకుల గురించి ఇప్పుడేమీ మాట్లాడను.

ఒక్క మాట వినండి. నేను క్రిస్మస్‌కి వస్తాను. అప్పటిదాకా చెట్టుని ఏమీ చేయకండి. కొమ్మలు కత్తిరించొద్దు, మందు కొట్టొద్దు, దాని చుట్టూ తిరుగుతూ గొణగొద్దు. అక్క పక్కన లేకుండా మీరు రంపం పట్టుకుంటే నాకు భయం.

లూసెట్

*

ట్రెలాజే
28 నవంబరు

లూసెట్‌కు,

తూర్పు కొమ్మ కోసేశాను.

ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. ముక్కలు చేసి పొయ్యి పక్కన పేర్చాను. పచ్చి కట్టె, ఈ ఏడు మండదు.

కాయలు పారేయలేదు. పళ్ళు పారేయడం ఈ ఇంట్లో అలవాటు లేదు. ఒకటి కొరికి చూశాను. రాయి. నోరంతా పిడచ కట్టుకుపోయింది. దీని కోసమా ఏటా రైలెక్కింది?

క్రిస్మస్‌కి రానక్కర్లేదు.

అన్సెల్మ్

*

సొమ్యూర్
9 డిసెంబరు

బావగారూ,

రావద్దన్నారు, రాను. కానీ ఇది చదివి తీరాలి. పొయ్యిలో వేస్తే మళ్ళీ రాస్తాను.

ఆ కొమ్మ కోసిన చేతులతోనే మీరు మీ చెట్టు కాపు కోసేశారు. కోమీస్ తనంత తాను కాయదు. పక్కన అదే వేళకి పూసే ఇంకో రకం ఉండాలి. దాని పుప్పొడి తేనెటీగలు మోసుకురావాలి. మీ ఊళ్ళో పలకరాళ్ళ గుట్టలు తప్ప మట్టి ఎక్కడుంది? చుట్టుపక్కల ఇంకో పియర్ చెట్టు లేదు. అందుకే ఏళ్ళ తరబడి పూసి పూసి రాలిపోయింది. ఇదంతా అక్కకి ఆ ప్రదర్శనలో బ్రాసార్‌గారు చెప్పారు. "అమ్మా, మీ చెట్టుకి జబ్బేం లేదు. దానికి తోడు లేదు, అంతే" అన్నారు. అక్క అక్కడే పకపకా నవ్వింది. పెరట్లో రెండో చెట్టుకి చోటు లేదు కదా మరి. "అయితే ఉన్న చెట్టుకే ఒక కొమ్మ అంటు కట్టుకోండి" అని ఫిబ్రవరిలో పుల్ల కోసి, తడి గుడ్డలో చుట్టి ఇచ్చారు. యాభై రెండు వసంతంలో, మీరు పరీక్షలు పెట్టడానికి ఆంజే వెళ్ళిన వారం, అక్క దాన్ని కట్టింది. అంటుకున్నాక మీకు చూపించి ఆశ్చర్యపరచాలని అనుకుంది. అది పూత పట్టడానికి మూడేళ్ళు పట్టింది.

యాభై ఐదులో అది పూసింది, చెట్టు కాసింది. ఆ ముందు శరదృతువులో మీరు మేకులు కొట్టారు.

ఆ ఏడు మీరెలా ఉండేవారో మీకు గుర్తుండకపోవచ్చు. నాకుంది. బడి మూసేశారు, పలకరాళ్ళ గని ఆఫీసులో ఒక మూల కూర్చోబెట్టి లెక్కల పుస్తకాల్లో గీతలు గీయించారు. భోజనానికి కూర్చుంటే గోడ వంక చూసేవారు. అక్క నాతో అంది: "లూసెట్, నిన్న పిందెలు చూసి కేక వేశాడే! నిచ్చెన మీంచి దిగకుండానే పిషో అమ్మని పిలిచాడు. కాఫీ హోటల్లో అందరికీ తనే పోయించాడట. ఇన్ని నెలల తర్వాత నవ్వాడు. ఇప్పుడెళ్ళి ఆ మేకుల వల్ల కాదు, నా కొమ్మ వల్ల అని ఎలా చెప్పనే?"

"చెప్పకు" అన్నాను.

"ఎన్నాళ్ళు?"

"వచ్చే ఏడు చెబుదువు."

వచ్చే ఏడుకి మీరు మేకుల పద్ధతి మీద గని కుర్రాళ్ళకి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలెట్టారు. ఇక ఆ కాయలు మీ బల్ల మీద పెడితే ఇదేమిటి, వేరేగా ఉందే అంటారు. ఒక్క ప్రశ్నతో మొత్తం బయటపడుతుంది. అందుకే ఆ కాయలు మీ కంట పడనివ్వలేదు. ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా. పుల్ల ఇచ్చినాయనకే ఇచ్చింది. అక్కడ మీ మేకుల మాటొస్తే నవ్వేది.

ఇదీ మా అక్కయ్యగారి రంకు. ఇక మీ ఇష్టం.

లూసెట్

*

ట్రెలాజే
14 జనవరి 1966

లూసెట్‌కు,

పొయ్యిలో వేయలేదు. చాలాసార్లు చదివాను.

నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. అడవి పూలు కోసుకొచ్చి తుంచి చూశాను, వ్యవసాయ పుస్తకం తెప్పించుకుని చదివాను. చెట్టు విషయంలో నువ్వు చెప్పింది నిజం. మేకుల వల్ల ఏమీ జరగలేదు.

కానీ నువ్వనుకున్నట్టు దీనివల్ల నాకు ఊరట కలగలేదు.

మీ అక్క అతన్ని ప్రేమించిందనుకున్నప్పుడు కోపం వచ్చింది. కోపానికి ఒక హద్దు ఉంటుంది. ఇప్పుడు తెలిసింది వేరు. పదేళ్ళు ఆ ఇంట్లో ముగ్గురు కూర్చుని, నా చెట్టు కాయ కోసుకుని, నా సంగతి మాట్లాడుకున్నారు. నా గురించి నాకు తెలియనిది అతనికి తెలుసు. మీ అక్క నా దగ్గర దాచిన నవ్వు అతని దగ్గర నవ్వింది. నాకు పెట్టకుండా దాచిన పండు అతనికి పెట్టింది. నేను మోసిన బుట్టలో.

ఆ నవ్వు నాది. నా మూలంగా వచ్చింది. అది నాకు దక్కలేదు.

ఒక్కటి చెప్పు. అక్కడ ఆమె ఎలా కూర్చునేది? అతను ఆమె వంక ఎలా చూసేవాడు? నువ్వు ఉన్నావుగా. ఏం మాట్లాడుకునేవారు?

పిషో అమ్మ ఇవాళ గోడ మీంచి అడిగింది, "ఏం మాస్టారూ, చెట్టుకి ఒక చెయ్యి తీసేశారేం?" అని. చీడ పట్టింది అన్నాను.

అన్సెల్మ్

*

సొమ్యూర్
6 ఫిబ్రవరి

బావగారూ,

జనవరిలో పియర్ పూలు దొరకవు కాబట్టి అడవి పూలు తుంచి చూశారా! మీరు మారరు.

అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇది మీకు రాయాలనుకున్నది కాదు. ఎవరికీ రాయాలనుకున్నది కాదు.

ఆయన వంటింట్లో గుండ్రటి బల్ల. గోడ మీద పాత స్టేషన్ గడియారం, రిటైరైనప్పుడు అడిగి తెచ్చుకున్నారు. అక్క కిటికీ వైపు కూర్చునేది. ఆయన ఎదురుగా. నేను పక్కన. ఆయన తొడిమ మీద లక్క చాకుతో గీకి తీసి, పండు నాలుగు ముక్కలు చేసి, మొదటి ముక్క అక్కకి ఇచ్చేవారు. రెండోది నాకు. మర్యాదకి.

ఆయన అక్క చేతుల వంక చూసేవారు. మొహం వంక కాదు. మొహం వంక చూస్తే తెలిసిపోతుందని భయం కాబోలు. నాకెలా తెలుసంటే నేను ఆయన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

అర్థమైందా, బావగారూ? మీరు నాలుగు నెలలుగా రగిలిపోతున్నారు. నాది పదేళ్ళు. మా ఆయన పోయాక ఈ ఊళ్ళో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే. ఆదివారాలు భోజనానికి పిలిచేదాన్ని. వచ్చేవారు, తినేవారు, కూర బాగుందనేవారు. కాఫీ అయ్యాక ఒకే ప్రశ్న: "మీ అక్కగారు ఎప్పుడొస్తున్నారు?" నేను కొత్త బ్లౌజు వేసుకుంటే చూడలేదు. అక్క పాత కోటు వేసుకొస్తే, దాని బొత్తం ఊడిందని ఆయనకి కనిపించింది. నా కొట్లో అలాంటి బొత్తం చూసి కుట్టిపెట్టమన్నారు. కుట్టాను. సూది గుచ్చుకుంది. ఎవరూ అడగలేదు.

అక్కకి ఇది తెలుసో తెలియదో నేను అడగలేదు. తెలుసంటే భరించలేను, తెలియదంటే ఇంకా భరించలేను. ఒక్కటి మటుకు చెప్పగలను. అక్క ఎప్పుడూ ఆ గడియారం వంక చూసేది. నాలుగున్నర బండికి లేచేది. ఆయన "తర్వాతి బండి కూడా ఉంది" అనేవారు. "మా ఆయన పొయ్యి వెలిగించుకోలేడు" అని లేచిపోయేది.

ఏం మాట్లాడుకునేవారో మటుకు నేను చెప్పను. అది నా నోటితో చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆయన్నే అడగండి.

కొమ్మ కోసేశారని ఆయనకి చెప్పేశాను. తర్వాత ఏమన్నారో తెలుసా?

"నున్నగా కోశాడా, బెరడు చీలిందా?"

"నాకేం తెలుసు? అయినా చీలితే ఏంటి, చీలకపోతే ఏంటి మీకు?"

"చీలితే తారు పూయమను. లేకపోతే మాను లోపలికి పుచ్చిపోతుంది."

కొత్త అంటు కడితే పూతకి మళ్ళీ మూడేళ్ళు. కానీ ఈ ఏడు కాపు కావాలంటే ఒక దారి ఉందన్నారు. ఆయన తోటలో అదే రకం చెట్టుంది కదా. మీ చెట్టు పూసిన రోజుల్లో దాని పూల కొమ్మలు కోసి, నీళ్ళ బకెట్లో నిలబెట్టి, మీ చెట్టులో వేలాడదీయాలి. మిగతాది తేనెటీగలు చూసుకుంటాయి. "నేనే తెస్తాను, గేటు దాటనిస్తే" అన్నారు.

రమ్మంటారా, వద్దంటారా? ఒక్క ముక్క రాయండి. ఆయన అడిగినప్పుడల్లా నేను ఆయన మొహం చూడాల్సి వస్తోంది.

ఫిబ్రవరి వచ్చింది. ఆ రాళ్ళు ఇప్పుడు తినండి.

లూసెట్

*

ట్రెలాజే
2 మార్చి

లూసెట్‌కు,

తారు పూశాను. బెరడు చీలలేదు.

పండు తిన్నాను. బొటనవేలికి లొంగింది. బాగుంది. అంతకంటే రాయడం నా చేత కాదు. మిగతావి రోజుకొకటి తింటున్నాను, అతనికి ఒకటి కూడా మిగల్చకుండా. ఇది చిన్నపిల్లాడి బుద్ధి అని తెలుసు.

నీ సంగతి నాకు తెలియదు. తెలిస్తే ఆ ఉత్తరాలు అలా రాసేవాణ్ణి కాదు.

అతన్ని రావద్దని చెప్పు. ఈ పెరట్లో ఆమె కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన అతను నిలబడితే నేను చూడలేను. శ్మశానానికి పూలు తెచ్చినవాళ్ళలో అతను లేడు. ఇప్పుడు ఆమె చెట్టుకి పూలు తెస్తానంటున్నాడు. అదీ నా ఎదుట. నా చేతుల మీదుగా.

కాపు లేకపోతే లేదు. చెట్టు ఊరికే ఉండనీ.

అన్సెల్మ్

*

సొమ్యూర్
27 మార్చి

బావగారూ,

చెప్పాను. తల ఊపారు. లేచి వెళ్ళి కత్తెరకి నూనె పెట్టుకున్నారు. పని లేనప్పుడు ఆయన చేసేది అదే.

నేను కూడా కాస్త సంతోషించాను, ఆయన ఈ వసంతం మీ ఊరు రారు కదా అని. తర్వాత సిగ్గేసింది. ఇప్పుడిక ఎవరి కోసం ఎవరు ఏడవాలి చెప్పండి? అక్క పెట్టెలో పడుకుంది. మనం ముగ్గురం ముసలాళ్ళం ఒక కొమ్మ కోసం కొట్టుకుంటున్నాం.

ఒక సంగతి మటుకు చెప్పాలి. అక్టోబరులో ఆ చెట్టు కింద మీరొక్కరే నిచ్చెన వేసుకుంటారు. పైకి చూస్తే ఆకులు తప్ప ఏమీ ఉండవు. లాగకు, ఎత్తు అని చెప్పేవాళ్ళూ ఉండరు, ఎత్తడానికి కాయా ఉండదు. ఆలోచించుకోండి.

పూత వచ్చిందా?

లూసెట్

*

ట్రెలాజే
20 ఏప్రిల్

లూసెట్‌కు,

పూత వచ్చింది. ఈస్టరు తర్వాత రెండు రోజులు ఎండ కాసి, నిన్నటికి చెట్టంతా తెల్లబడింది. తూర్పు వైపు మాత్రం ఖాళీ. అటు నుంచి గోడ కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అటు గోడ ఉందనే తెలియలేదు.

పిషో అమ్మ తేనెటీగలు వచ్చాయి. ఆమె గూళ్ళకి కట్టిన నల్ల గుడ్డ ఇంకా విప్పలేదు. మీ అక్క సొలాంజ్ పోయిన రోజు తనే కట్టింది, ఇరుగింటి చావు కూడా ఈగలకి చెప్పాలని. అవి పువ్వు మీంచి పువ్వు మీదికి వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఒట్టి తిరుగుడు. ఏమీ మోయడం లేదు. ఇదివరకు ఇది తెలిసేది కాదు, కూర్చుని సంతోషించేవాణ్ణి.

"ఈ ఏడు మేకులు కొట్టరా మాస్టారూ?" అంది పిషో అమ్మ.

"అయిపోయాయి" అన్నాను.

ఇక ఇవాళ జరిగింది. సాయంత్రం వంటింటి కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర అతను. పొడుగ్గా, టోపీతో. చేతిలో ఉన్నది నేల మీద పెట్టాడు. గంట తాడు పట్టుకున్నాడు, లాగలేదు. వెనక్కి తిరిగాడు. నేను వెళ్ళేసరికి సందు మధ్యకి చేరాడు. గేటు దగ్గర నీలం పిడి బుట్ట. అందులో తడి గోనె చుట్టిన కొమ్మలు, పూలతో.

బుట్ట చూసి పిలిచాను. లేకపోతే పిలిచేవాణ్ణి కాదేమో. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"గంట పనిచేస్తుంది" అన్నాను.

"తెలుసు. మీరు నన్ను రావద్దన్నారు. బుట్టని వద్దనలేదు కదా."

"ఇది మాది."

"అందుకే తెచ్చాను. నిరుడు ఫిబ్రవరి నుంచి మా ఇంట్లో ఉండిపోయింది. ఆవిడ వేసవిలో వచ్చి తీసుకెళ్తానంది. జబ్బు చేసి రాలేకపోయింది."

బుట్ట చేతిలోకి తీసుకున్నాను. అడిగేశాను.

"మీ ఇంట్లో నా మేకుల గురించి నవ్వుకునేవారట."

"ఆవిడ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు."

"ఎందుకని?"

"ఏటా అదే కథ. మీరు నిచ్చెనెక్కడం, సుత్తి వేలి మీద పడటం, కిందికి దిగి వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ ఎక్కడం. పెద్ద మేకు దగ్గరికొచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోయేది. ఇంకేదన్నా మాట్లాడదామని చూస్తే మళ్ళీ అక్కడికే. మా ఆయన ఇలా అన్నాడు, మా ఆయన అలా తిన్నాడు. నేను ముప్పై రకాల చెట్లు పెంచాను. ఒక్కదాని గురించి అలా చెప్పుకునే మనిషి నాకు లేదు." అతని గొంతు కాస్త లేచింది. "మీ మేకులంటే నాకు ఒళ్ళు మంట, మాస్టారూ. పదేళ్ళుగా."

నువ్వు చెప్పనన్నది ఇదేనని తెలిసింది. నీకెందుకు చెప్పబుద్ధి కాలేదో కూడా తెలిసింది.

పూలు ఎన్ని రోజులుంటాయని అడిగాను.

"రోజూ నీళ్ళు మారిస్తే నాలుగైదు రోజులు. ఎత్తుగా కట్టండి, నడి కొమ్మల్లో. మంచు ఆరాక. తడి మీద తేనెటీగలు రావు."

లోపలికి రమ్మనాలనుకున్నాను. నోరు రాలేదు. అతనూ ఎదురుచూడలేదు, బండి వేళయిందన్నాడు. నాలుగడుగులు వేసి ఆగి, గోనె నువ్వే చుట్టావని చెప్పాడు. "రైల్లో అంత కుదుపులోనూ ఒక్క రెక్క రాలలేదు. లూసెట్‌గారి ముడి మంచి ముడి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాకు తోచింది కాదు, అతనన్నదే రాశాను. నీకు చేరాల్సిన మాట నా దగ్గర ఉంచుకోకూడదు.

అసూయ పోయిందని రాయను. పోలేదు. ఆమె చెప్పే ఆ కథ ఒక్కసారైనా విని ఉంటే బాగుండేది. అతను పదిసార్లు విన్నాడు. విసుగొచ్చిందట.

కొమ్మలు విప్పి జింకు బకెట్లో పెట్టాను. వంటింట్లో ఉన్నాయి. ఇల్లంతా ఆ వాసన. అది అంత మంచి వాసన కాదు, నీకు తెలుసు. ఆమె కిటికీ మూసేది కాదు.

బకెట్ దేనికి తగిలించాలా అని చీకటి పడకముందే చెట్టు దగ్గరికి వెళ్ళి చూశాను. కొమ్మకి తాడు కడితే పూత రాలుతుంది. నేను కొట్టిన మేకులన్నిటినీ బెరడు మింగేసింది, ఒక్కటి తప్ప. పాత దూలం నుంచి పీకిన పెద్దది. నడి మానులో, కోసిన కొమ్మకి మూరెడు పైన, ఇంకా బెత్తెడు బయటికే ఉంది. సొలాంజ్ తోటపని చేసేటప్పుడు తన టోపీ దానికే తగిలించేది. చేత్తో పట్టుకుని బరువు వేసి చూశాను. కదల్లేదు.

రేపు పొద్దున, మంచు ఆరాక, నిచ్చెన వేసుకుని అతని పూల బకెట్‌ని ఆ మేకుకి తగిలిస్తాను.

అన్సెల్మ్